అయిదు వస్తువుల పానీయము

నిజాంపట్నము ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేపల పడవలు నిలుచు చిన్న రేవు. పదునేడవ శతాబ్దపు ఐరోపా వర్తకులు దీనిని పెతపోలి అని వ్రాసికొనిరి. పెద్దపల్లి అను తెలుగు పేరే వారి నోట అట్లు మాఱినది. ఈ ప్రాంతపు ఇసుక నేలలలో దొరకు చిరివేరుతో అద్దకపువారు తీసెడి ఎఱ్ఱ రంగునకు దేశాంతరములందు పేరుండెను. ఆ బట్టల కొఱకే డచ్చివారు 1606లోను, గ్లోబు అను ఓడపై ఇంగ్లీషువారు 1611లోను ఈ రేవునకు వచ్చిరి.

1632 సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అను ఆంగ్లేయుడు పెతపోలిలో నున్న టామస్ కాలీ అను వర్తకునకు ఒక జాబు వ్రాసెను. మీరందఱును కూడి మంచి యింటిని నడుపుకొందురనియు, వాటా కొలతతో పని లేక పంచ్ త్రాగుదురనియు ఆశించుచున్నానని అందలి మాట. పంచ్ అను పానీయము పేరు ఆంగ్ల వ్రాతలో కనబడుటకు నిఘంటుకారులెఱిగిన మొదటి తావు ఇదియే. నేడు ఓడలలోని బారులయందు గాజు పాత్రలలో కలిపి యిచ్చు కాక్‌టెయిల్ అను పానీయములకు వేళ్లు వెదకుచు పోయినచో, ఒక ముఖ్యమైన వేరు ఈ తెలుగు రేవున తగులుచున్నది.

ఆ జాబులో పానీయము పేరుకంటె కొలత ప్రసక్తి ఎక్కువ గమనింపదగినది. ఆ కాలమున ఓడ యెక్కినవానికి అన్నియు కొలతయే. రొట్టెకు తూకము, నీటికి కొలపాత్ర, బీరునకు వాటా. ఇంగ్లండులో నింపిన బీరు ఉష్ణమండలము దాటునప్పటికి పులిసి పాడగుచుండెను. పీపాలలోని నీరు పాచిపట్టి వాసన కొట్టుచుండెను. ఆఱేడు నెలలు అట్లు గడపి ఒడ్డు చేరినవానికి ఇచ్చట సారా, నిమ్మపండ్లు, చక్కెర, జాజికాయ, మంచినీరు దొరకెను. ఒక్క సారాయే యైనచో అది గొంతు మండించును. నిమ్మరసము దాని ఘాటును త్రుంచును, చక్కెర పులుపును సరిచేయును, నీరు అన్నిటిని లొంగదీయును, జాజికాయ వాసన నిచ్చును. లోపమంతయు ఒక్కటే. ఇంత ఇంపుగా కుదిరిన పానీయమును త్రాగువానికి తానెంత సారా త్రాగినదియు తెలియదు.

ఈ అయిదు వస్తువుల వలననే దీనికి పంచ అను పేరు వచ్చినదని జాన్ ఫ్రయర్ అను వైద్యుడు వ్రాసెను. ఇతడు 1673లో మచిలీపట్నము చూచినవాడు. ఇతని గ్రంథము 1698లో అచ్చయ్యెను. మనవారికి ఈ వ్యుత్పత్తి వినసొంపుగా నుండును. పంచామృతము, పంచదార, పంచలోహములు వాడుకలో నున్న దేశమునకు అయిదు వస్తువుల పానీయము క్రొత్త గాదు. కాని చిక్కొకటి కలదు. 1638లో సూరతులో నుండిన మాండెల్‌స్లో ఈ పానీయమునందు సారా, పన్నీరు, నిమ్మరసము, చక్కెర అని నాలుగే చెప్పెను. ఫ్రెంచి వైద్యుడు బెర్నియే చెప్పినవియు నాలుగే: బెల్లపు సారా, నిమ్మరసము, నీరు, కొంచెము జాజికాయ. అందుచేత కొందఱు పండితులు ఈ పేరు పంచన్ అను పెద్ద పీపా పేరునుండి వచ్చియుండునని వాదించిరి. పీపాలో పోసి కలిపినవారు లేరని కాదు. అయినను ఈ పానీయము పేరు భారతదేశపు తీరములలోని జాబులందే మొదట కనబడుటయు, నాటి ప్రయాణికులు దీనిని ఈ దేశపు వస్తువులతో కూర్చి చెప్పుటయు చూడగా, పీపా వాదమునకు బలము తక్కువ. వంటయింట లెక్క తప్పినంతమాత్రమున వంటకము పేరు మాఱదు.

సారా విషయమునకు వచ్చినచో, ఆ మాట కింద ఎన్నో వస్తువు లుండెను. గోవావైపు కొబ్బరి కల్లునుండియు, బెంగాలున బెల్లమునుండియు, మఱికొన్ని చోట్ల బియ్యమునుండియు దానిని దించుచుండిరి. ఐరోపావారు వాడిన అరక్ అను పేరు అరబ్బీలో చెమట అను అర్థము గల మాట; బట్టీ మూతి నుండి చెమటబొట్లవలె జారుట చేత దానికాపేరు వచ్చెను. ఆంగ్లమునకు పోయిన టాడీ అను మాటయు ఈ దేశపుదే. హిందీలో తాడీ, మనకు తాడిచెట్టు. తెల్లవారకమున్నే మోకు నడుమునకు చుట్టుకొని, ముస్తాదుతో చెట్టెక్కి, గెలకు గీతపెట్టి, కుండ దించినవాని పేరు ఏ వర్తకుని లెక్కపుస్తకము నందును లేదు. అతడు దించిన రసమే సారాయై, ఓడ యెక్కి, లండనునగరపు విందులలో పెద్ద పింగాణి గిన్నె నడుమ నిలిచినది.

బెర్నియే మాటలలో వైద్యుని చూపు కలదు. పంచ్ నోటికి ఇంపే గాని దేహమునకు మిక్కిలి చెఱుపు చేయునని అతడు వ్రాసెను. బెంగాలులో ఇంగ్లీషువారును డచ్చివారును తమ ఓడ మనుష్యులను ఈ పానీయము తగ్గించుడనియు, సారా అంగళ్లకు పోవలదనియు కట్టడి చేసిన పిమ్మట జబ్బులును చావులును తగ్గినవని అతని సాక్ష్యము. ఇది పదునేడవ శతాబ్దపు మధ్యకాలపు సంగతి. పెతపోలి జాబులో హాస్యముగా వచ్చిన మాట బెంగాలులో ప్రాణములకు సంబంధించినదయ్యెను. వాటా లేకుండ త్రాగుడని స్నేహితుడు దీవించెను. వాటా పెట్టుడని ఓడ యజమాని శాసించెను. ఈ రెండింటి నడుమనే ఈ పానీయపు చరిత్ర యంతయు నడచినది.

1740లో అడ్మిరల్ వెర్నన్ తన నావికుల రమ్మునకు నీరు కలుపవలసినదని ఉత్తరువు చేసెను. అరపింటు రమ్మునకు ఒక క్వార్టు నీరు, అనగా ఒకటికి నాలుగు పాళ్లు. అదియు దినమునకు రెండు విడతలుగా. రొట్టెలోను ఉప్పులోను మిగుల్చుకొన్నవారు చక్కెరయు నిమ్మపండ్లును కొని కలుపుకొనవచ్చును. అడ్మిరల్ తొడుగు గ్రోగ్రము బట్టను బట్టి దీనికి గ్రాగ్ అను పేరు వచ్చెను. చూడగా ఇది జాజికాయ తీసివేసిన పంచే. 1747లో జేమ్స్ లిండ్ సాలిస్‌బరీ అను ఓడపై చేసిన పరీక్షలో కమలాపండ్లును నిమ్మపండ్లును తిన్న రోగులే స్కర్వీనుండి ముందుగా తేఱుకొనిరి. రుచి కొఱకు పిండిన నిమ్మకాయలో మందు కూడ నున్నదని అప్పుడు రుజువయ్యెను. బ్రిటిషు నౌకాదళము దినసరి రమ్ము వాటాను 1970 జూలై 31వ తేదీన గాని మానలేదు.

కాక్‌టెయిల్ అను మాటకు అర్థము 1806లో న్యూయార్కు రాష్ట్రములోని హడ్సన్ పట్టణపు పత్రిక యొకటి చెప్పినది: మద్యము, చక్కెర, నీరు, చేదుమూలికల సారము. పంచ్ నుండి నిమ్మ తీసి, జాజికాయ స్థానమున మూలికల చేదు పెట్టినచో లెక్క సరిపోవుచున్నది. 1862లో జెరీ థామస్ అచ్చువేసిన పానీయముల పుస్తకమున పంచ్‌లే పెద్ద భాగమాక్రమించినవి. పదిమందికి ఒక గిన్నెలో కలుపునది ఒకనికి ఒక గ్లాసులో కలుపునదిగా మాఱుటయే జరిగిన మార్పు. రమ్ము, నిమ్మ, చక్కెర కలిపిన డైకిరీ నేడు క్యూబా పేరున చెలామణి యగుచున్నను, పంచ్ ఇంటి బిడ్డ యనుటకు సందేహము లేదు.

ఒక గ్లాసులో కలుపుటకు మంచుగడ్డ అవసరమయ్యెను. అదియు ఓడమీదనే వచ్చెను. 1833లో ఫ్రెడరిక్ టూడర్ అను వర్తకుడు బోస్టనునుండి టస్కనీ అను ఓడపై సుమారు 180 టన్నుల మంచు కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణములో కరగగా సుమారు 100 టన్నులు దిగెను. చెన్నపట్నమున ఆ మంచు దాచుటకు కట్టిన ఐస్‌హౌసు వివేకానంద భవనమను పేరుతో నేటికిని సముద్రపుటొడ్డున నిలిచియున్నది.

తెలుగువారిలో అధికసంఖ్యాకులు ఓడను ఎఱిగినది బారులో కూర్చుండి కాదు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, బారువ రేవులలో ఆగి వేలకొలది కూలిజనమును రంగూనునకు చేర్చినవి. వారు డెక్కు ప్రయాణికులు. పైన సెలూనులో నిమ్మకాయ ముక్కతో గ్లాసు అందించుచుండగా, డెక్కుమీద నీటికి వరుస కట్టవలసియుండెను. కోరంగి రేవు పేరున బర్మాలో తెలుగువారినందఱిని కోరంగీలని పిలిచిరి.

1890ల తుదినాటికి తీరము వెంబడి రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్ర జనములో ఒక పాయ ఓడ విడిచి రైలెక్కెను. ఆ మార్గపు ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చుటతో, గంజాము, విశాఖపట్నము జిల్లాల కుటుంబములు ఖరగ్‌పూరునకు కార్ఖానా పనికిని, ఇంజనుల పనికిని తరలిపోయినవి. పెద్ద గూడ్సు యార్డు గల నిమ్‌పురాలో నేటికిని తెలుగు మాట వినబడును. ఓడలోని పై అంతస్తు, క్రింది అంతస్తు భేదము రైలు పట్టణమునకును దిగివచ్చెను. ఐరోపియనులకును ఆంగ్లో-ఇండియనులకును బిలియర్డు బల్ల, నాట్యశాల, బారు గల ఇన్‌స్టిట్యూటు వేఱు. భారతీయ ఉద్యోగులది వేఱు. యార్డులో రాత్రి డ్యూటీ దిగినవానికి జిన్ను, బిటర్సు, సోడా అను మాటలతో పనిలేదు. అతనికి తెలిసినది కల్లు. అందును ఒక విశేషము కలదు. మనము కల్లు గీయు ఈతచెట్టే మేదినీపూరు ప్రాంతమునను పెరుగును. కాని బెంగాలీలు చలికాలమున దాని రసమును కాచి సువాసన గల బెల్లము చేసి పండుగ పిండివంటలలో వాడుదురు. ఒకే చెట్టు, ఒకే గీత. పొయ్యి మీద పెట్టుటలోను పులియనిచ్చుటలోనే భేదము.

కల్లునకును సారాకును కొలత పెట్టినది చివఱకు ప్రభుత్వము. ఆ కొలత ఆరోగ్యము కొఱకు కాదు, ఆదాయము కొఱకు. 1886 మద్రాసు అబ్కారీ చట్టము చెట్టునకు పన్నును, బట్టీకి లైసెన్సును, అంగడికి వేలమును స్థిరపఱచెను. దీనికి ఎదురుదెబ్బ రాజాజీ మంత్రివర్గమున వచ్చినది: 1937లో సేలము, 1938లో చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేపిన ఉద్యమము వలన 1993లో రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలెను. ఆ స్త్రీలు పోరాడినది పాకెట్టు సారా మీద, కూలి డబ్బు ఇల్లు చేరకమున్నే కాజేసిన అంగడి మీద. పెద్ద హోటలు బారు మీద వారికి కోపము లేదు. అది వారి మగవారి కూలిని తినలేదు. పానీయముల చరిత్ర వ్రాయువారు గిన్నెల అందమును వర్ణించి ఈ సంగతి విడిచిపెట్టుట న్యాయము కాదు.

2022 జూన్‌లో కార్డీలియా కంపెనీవారి ఎంప్రెస్ అను విహారనౌక చెన్నపట్నమునుండి విశాఖకు వచ్చెను. 1990లో ఫ్రాన్సున కట్టిన ఓడ అది. మఱుసటి యేడు విశాఖ రేవున విహారనౌకల కొఱకు ప్రత్యేక భవనము తెఱచిరి. రంగూను స్టీమరునకు జనమును పంపిన రేవునుండి సరదాగా సముద్రము చూడబోవువారు ఓడ యెక్కుట శతాబ్దమున జరిగిన చిన్న మార్పు కాదు.

అట్టి ఓడలలో వేయిమందికి పైగా దాహము తీర్చవలసిన బారునకు తీరిక యుండదు. అందుచేత చాలచోట్ల నిమ్మరసమునకు బదులు సిట్రిక్ ఆమ్లము, చక్కెర కలిపి సీసాలలో నింపిన పుల్లని ద్రవము వాడుదురు. దానితో చేసిన డైకిరీ తీపిగా, చదునుగా నుండును. సరియైన పానీయము కోరువాడు పేరు చెప్పుటకంటె ముందు నిమ్మకాయ ఇప్పుడు పిండుదురా అని అడుగుట మేలు. పిండమన్నచో రసము లేని పానీయమును కోరవచ్చును. విస్కీ, చక్కెర, బిటర్సు, మంచు కలిపిన ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో దాచుటకు చోటు తక్కువ. రసమున్నదానిని మంచుతో బలముగా కుదుపవలెను. రసము లేనిదానిని చెంచాతో త్రిప్పినచో చాలును. ఈత కొలను ప్రక్కనుండు బారున పగలు అడుగుటకంటె, లోపలి చిన్న బారున భోజనవేళ గడచి జనము పలుచబడినప్పుడు అడిగినచో పనివానికి చేయి ఆడును. కొలత కూడ అడుగవచ్చును. మన దేశపు బారులలో చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. అందులో కరగు మంచే పూర్వపు పంచ్‌లోని నీరు. ఎక్కువసేపు కుదిపిన చప్పబడును, తక్కువ కుదిపిన మండును. మంచి పనివాడు లోహపు గిన్నె వెలుపల పట్టిన మంచుపొర చూచి చేయి నిలుపును.