బట్ట ఇచ్చి మొగ్గ కొన్న కాలం

రేపటితో శంషాబాద్ విమానాశ్రయానికి 18 ఏళ్ళు నిండుతాయి. 2008 మార్చి 23న బేగంపేట విమానాలన్నీ ఇటు మళ్ళాయి. ఆ సందర్భంగా ఏదైనా చరిత్ర రాయమన్నారు సంపాదకులు. రన్‌వే పొడవూ ప్రయాణికుల లెక్కలూ ఎవరో ఒకరు రాయకపోరు. నా ధ్యాసంతా డాబా మీద ఉంది. మొన్న గురువారం ఉగాదికి దులిపిన వేపపువ్వు పచ్చడికి పోగా బోలెడు మిగిలింది. పాత పంచె పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఆరబోశాను. గలగలమనేలా ఎండితే డబ్బాకెత్తుకోవచ్చు. నేతిలో వేయించి వేడన్నంలో కలుపుకుంటే, జ్వరపడి లేచిన నోటికి కూడా రుచి తెలుస్తుంది.

కిందటి నెల అదే విమానాశ్రయంలో ఒక దుకాణంలో ఎండు గులాబీ రేకులు అద్దిన బిస్కెట్ల డబ్బా చూశాను. వంటలో పూలు వాడటం ఇప్పుడు కొత్త ట్రెండ్ సార్ అంది కౌంటర్‌లో అమ్మాయి. కొత్తా! డబ్బా కొన్నాను, మాట మాత్రం మింగుడుపడలేదు.

అసలు మన పోపులపెట్టెలోనే పెద్ద మోసం ఉంది. అనాసపువ్వు పువ్వు కాదు, ఎండిన కాయ. రాతిపువ్వు బండలకూ చెట్ల బెరళ్ళకూ పట్టే పాచిలాంటిది. కుంకుమపువ్వు పువ్వంతా కాదు, ఒక్కో పువ్వులో మూడేసి ఉండే ఎర్రటి పోగులు మాత్రమే. పేరులో పువ్వు లేని లవంగమేమో అచ్చమైన పువ్వు, కాకపోతే విచ్చకముందే కోసేసినది. నమ్మకం కుదరకపోతే నాలుగు లవంగాలు వేడినీళ్ళలో గంటసేపు నానేసి, తల మీది గుండ్రటి బుడిపెను సూదితో విప్పి చూడండి. ఒకదాని మీద ఒకటి ముడుచుకున్న నాలుగు రేకులు, వాటి కింద వెంట్రుకల్లాంటి కేసరాలు కనిపిస్తాయి. చెట్టు మీద ఆకుపచ్చ మొగ్గ గులాబీ రంగుకు తిరుగుతుండగా కోసి ఎండబెడతారు. విచ్చుకుందా, సరుకు విలువ పోయినట్టే.

కాళిదాసుకు ఈ సంగతి తెలుసు. రఘువంశం ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన కళింగరాజు గురించి చెబుతూ, వేరే దీవుల నుంచి వచ్చే లవంగ పుష్పాలను తలుచుకున్నాడు. పువ్వనే అన్నాడు. అంటే మన తూర్పు తీరానికి లవంగం ఓడెక్కి వచ్చేదని అప్పటికే కవులకు ఎరుక. తర్వాత చాలాకాలం నాకు చూపించడానికేమీ లేదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన శాసనం ఒకటుంది. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును ఇకమీదట రాజులు లాక్కోరని అందులో వర్తకులకు అభయమిచ్చాడు. సుంకాల జాబితాలో కర్పూరం, ముత్యాలు, గంధంతోపాటు పన్నీరు కూడా ఉంది. పువ్వుకు కాకపోయినా పూలనీళ్ళకు పన్ను కట్టించుకున్నారన్నమాట. ఇక్కణ్ణించి మూడున్నర శతాబ్దాలు ఒక్క అంగలో దాటేస్తున్నాను. బందరు వాణ్ణి, బందరు చేరాలన్న తొందర నాది.

1605లో డచ్చి కంపెనీ ఓడ మచిలీపట్నం, అంటే మా బందరు, రేవుకొచ్చింది. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి వర్తకానికి అనుమతి సంపాదించి అక్కడే కొట్లు తెరిచారు. వాళ్ళ కన్ను గోల్కొండ వజ్రాల మీద ఉందనుకుంటాం. మొదట వాళ్ళకు కావలసింది మన బట్ట. అదీ కట్టుకోవడానికి కాదు, లవంగాలు కొనడానికి.

అప్పట్లో లవంగం పండేది ప్రపంచం మొత్తం మీద తూర్పున ఉన్న మలుకు దీవుల్లోనే. నేటి ఇండోనేసియాలో టెర్నాటె, టిడోరె, అంబోన్ పరిసరాలు. డచ్చివాళ్ళు వెండి నాణేలు చూపిస్తే అక్కడివాళ్ళు పెద్దగా ఉత్సాహపడలేదు. వాళ్ళు మోజుపడింది కోరమాండల్ బట్టల మీద. మన తీరపు ఇసుకనేలల్లో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు ఎన్నిసార్లు ఉతికినా వెలిసేది కాదు. ఆ బట్ట పెళ్ళిళ్ళకు కావాలి, ఇంట్లో సిరిగా దాచుకోవడానికీ కావాలి. అంచేత నాణేలు బందరులో దిగేవి, బట్టలు ఇక్కడ ఓడెక్కి జావా మీదుగా మలుకు చేరేవి, అక్కణ్ణించి లవంగాలు ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్ళేవి. అందులో కొంత సరుకు తిరిగి మన రేవుకే అమ్మకానికొచ్చేది, కంపెనీ చెప్పిన ధరకు. పెడన వైపు మగ్గం మీద కూర్చున్న మనిషి తన బట్టతో కొన్న మొగ్గను తానే డబ్బిచ్చి కొనుక్కుని తాంబూలానికి గుచ్చుకున్నాడని ఊహించుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. లవంగాన్ని డచ్చి భాషలో మేకు అంటారు. కిళ్ళీకి గుచ్చినప్పుడు చూస్తే ఆ పేరే సరైనదనిపిస్తుంది.

కోరమాండల్ తీరం మలుకు దీవులకు ఎడమచెయ్యి, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టే అని హెండ్రిక్ బ్రవర్ అనే కంపెనీ అధికారి 1612 ప్రాంతంలో పైవాళ్ళకు రాశాడు. ఈ ఎడమచెయ్యిని గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత కథ క్రూరం. లవంగం తమ చేతుల్లోనే ఉండాలని డచ్చివాళ్ళు అంబోన్, దాని చుట్టుపక్కల దీవుల్లో తప్ప మరెక్కడా చెట్టు మిగలకూడదన్నారు. 1652లో టెర్నాటె సుల్తానుతో ఒప్పందం రాయించుకుని, చెట్లు నరికించినందుకు ఏటా సొమ్మిచ్చారు. తెడ్ల పడవల దండులు దీవి దీవికీ తిరిగి తోటలు కూల్చేశాయి. ఎదురు తిరిగినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ధర పడిపోతుందనిపిస్తే ఆమ్‌స్టర్‌డామ్‌లో దినుసులను కుప్పపోసి తగలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఊరంతా ఎంత ఘుమఘుమలాడి ఉంటుందో!

ఈ పెత్తనాన్ని పడగొట్టిన పెద్దమనిషి పేరు పియేర్ పువావ్ర్. ఫ్రెంచివాడు. ఇంటిపేరుకు అర్థం మిరియం. కుర్రతనంలో మతప్రచారానికి వెళ్ళి, తిరిగొస్తుంటే 1745లో ఇంగ్లీషు ఓడల ఫిరంగిగుండుకు కుడిచెయ్యి పోయింది. అతన్ని పట్టుకున్నవాళ్ళు డచ్చివాళ్ళ స్థావరమైన బటావియాలో దించేశారు. డచ్చివాళ్ళ సుగంధద్రవ్యాల గుట్టు అతనికి అక్కడే తెలిసింది. పాతికేళ్ళు పట్టువదల్లేదు. మారిషస్‌కు అధికారిగా వచ్చాక ఓడలు పంపి, 1770లో లవంగం మొక్కలు దొంగతనంగా తెప్పించి నాటించాడు. తర్వాత అవి జాంజిబార్ దాకా పాకాయి. ఎడమచెయ్యి చూసుకుని మురిసిన కంపెనీకి, కుడిచెయ్యి లేనివాడి చేతిలో దెబ్బ పడింది. చరిత్రలో ఇంత ముచ్చటైన లెక్క మళ్ళీ దొరకదు నాకు.

డచ్చివాళ్ళు 1825లో మన తీరంలోని కొట్లన్నీ ఇంగ్లీషువాళ్ళకు అప్పజెప్పి వెళ్ళిపోయారు. 1864 నవంబరు ఉప్పెనలో బందరులో వేలమంది కొట్టుకుపోయారు. రేవు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు.

శంషాబాద్ ఏదీ అని సంపాదకులు అడుగుతారు. నిజమే, గోల్కొండ నుంచి బందరు దారి తూర్పున హయత్‌నగర్ మీదుగా పోయేది. శంషాబాద్ దక్షిణాన కర్నూలు దారిలో ఉంది. నిజాముల కొలువులోని పైగా వంశపు అమీర్ల బిరుదు షంసుల్ ఉమ్రా మీదుగా ఈ పేరు వచ్చిందంటారు. ఆ అమీర్ల కాలపు వంటల్లో ఒకటి ఈ వ్యాసానికి పనికొస్తుంది. నిహారీలో వేసే పోట్లీ మసాలా. ఎండు గులాబీ రేకులు, వట్టివేరు, గంధం, రాతిపువ్వు పల్చటి గుడ్డలో మూటగట్టి ఉడుకుతున్న రసంలో వదులుతారు. సారమంతా దిగాక పిండి తీసేస్తారు. పాతబస్తీలో ఈ దినుసులు ఇప్పటికీ పొట్లం కట్టిస్తారు.

ఇక ఈ కాలానికొచ్చేసరికి దారం చిక్కుపడిపోతుంది. మొయినాబాద్, చేవెళ్ళ తోటల గులాబీలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బండ్లకొద్దీ వస్తాయి. కానీ అవి దండలకు పెంచినవి, మందులు కొట్టినవి. వాటిని ఎండబెట్టి కేకు మీద చల్లకండి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఎండు ఇప్పపువ్వుతో లడ్డూలు చుట్టి అమ్ముతున్నారు. ఒకప్పుడు సారా పేరు చెప్పి చిన్నచూపు చూసిన పువ్వే అది. నగరంలో శంఖుపువ్వు నీలం టీ కప్పు వందలు పలుకుతోంది. మా ప్రహరీ మీద ఆ తీగను పోయినేడే పీకి పారేశాను. బిస్కెట్ల డబ్బా సంగతి అడగకండి, రేకులు చూపుకే, నోటికి కాగితం నమిలినట్టుంది.

కిందటేడు మా మేనకోడలు డల్లాస్ వెళుతుంటే సాగనంపడానికి శంషాబాద్ వెళ్ళాం. తూకంలో ఒక పెట్టె 23 కిలోలు దాటేసింది. నేల మీదే పెట్టె తెరిచాం. మా అక్క పెట్టిన పొడులు, పచ్చళ్ళు, మూడు పట్టుచీరలు, అడుగున పావుకిలో వేపపువ్వు.

"అది తీసెయ్యవే, అక్కడెవరు తింటారు" అన్నాను.

"నువ్వూరుకో మావయ్యా" అని రెండు చీరలు తీసి మా అక్క చేతిలో పెట్టింది. పెట్టె మళ్ళీ తూకం మీదికెక్కింది.