పోయినోళ్ళ ఎంట మట్టి బర్రెలు

ఇటు మంట కాడికి జరుగుర్రి బిడ్డా, సలి ముదురుతున్నది. గట్టు మీద బండలు గుండ్రంగ పేర్సి ఉన్నయి సూడుర్రి, అందరు రాకాసి గుళ్ళంటరు. రాకాసులు గారు, మనసుంటి మనుషులే. ఇనుం పని నేర్సిన కాలపోళ్ళు సచ్చినోళ్ళను పెట్టుకున్న జాగలవి. కుండలు, కత్తులు, పూసలు పక్కన పెట్టి పెద్ద బండ కప్పెటోళ్ళు.

కొన్ని తావుల బొక్కలను కాల్చిన మట్టి తొట్లల్ల పెట్టిండ్రు. తొట్టి కింద వరుసగ కాళ్ళుంటయి. కడప దిక్కు శంఖవరంల దొరికిన తొట్టికైతే తల గూడ పెట్టిండు కుమ్మరి, అచ్చం జంతువే. సచ్చిన మనిషిని దాని కడుపుల దాసిపెట్టిండ్రన్నట్టు! ఎంత పానం పెట్టి చేసిండో ఆయన.

ఇగ మట్టి జంతువులంటే నీలగిరి కొండల ముచ్చటే చెప్పాలె. ఆడ గుట్టల నెత్తి మీద రాళ్ళ కుప్పలున్నయి. ఇంగ్లీషోళ్ళ కాలంల తవ్వితే పొడుగు కుండలు, కాలిన బొక్కలు ఎల్లినయి. కుండల మూతల మీద బొమ్మలు: ఏనుగు, చిరుత, నెమలి, గుర్రమెక్కిన మనిషి. బర్రెలైతే మస్తు. జేమ్స్ బ్రీక్స్ అని ఆడి మొదటి కమిషనర్, ఆయనే శాన తవ్విచ్చిండు. 1872ల ఆయన పోతే, భార్య కూసొని ఆయన రాతలన్నీ సర్ది 1873ల పుస్తకం అచ్చేయించింది. బొమ్మలు కొన్ని మద్రాసుల, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంల ఉన్నయి. సముద్రం దాటిపోయినయని నాకు ఇప్పటికీ మనసున పడ్తలేదు.

బర్రెలే ఎందుకంటవా? ఆ కొండల మీది తోడా జనానికి ఎన్కట బర్రె పాలే బతుకు. మాంసం ముట్టరు, అయినా మనిషి పోతే బర్రెను బలిచ్చెటోళ్ళు. ఆ లోకంల పోయినోళ్ళకు పాడి ఉండాలె గద! ఆ మట్టి బర్రెలు తోడాల పెద్దలే చేసిండ్రా, ఇంకెవరన్ననా అని సదువుకున్నోళ్ళు వాదులాడుకుంటరు. ఎవరు చేసినా, పాడి లేని సోటికి తమ మనిషిని ఒంటిగ తోలబుద్ధి గాలేదు వాళ్ళకు. నాకట్లనే అనిపిస్తది.

ఇప్పుడేమో మన దిక్కు గా బండల వలయాలను కంకరకు పలగ్గొడుతుండ్రు. మేకలు కాయబోయినప్పుడు నల్లగ, ఎర్రగ నున్నటి కుండపెంకు కనవడితే ఏరుకొని రాకుర్రి. ఉన్న కాడ్నే ఉంచి బడిల సారుకు చెప్పుర్రి. ఆయన పురావస్తు శాఖోళ్ళకు రాస్తడు.