మరగొండోన్ కాగితాలు

ఆండ్రెస్ బోనిఫాసియో చివరి రోజుల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం, అతన్ని చంపించినవాళ్లు రాసిపెట్టుకున్నదే. ఫిలిప్పీన్స్ చరిత్రలో నన్ను ఇంతగా కలచివేసే సంగతి మరొకటి లేదు.

బోనిఫాసియో మనీలా టోండో పేటలో 1863లో పుట్టాడు. తల్లిదండ్రులు పోయాక చేతికర్రలు, కాగితపు విసనకర్రలు చేసి అమ్మి తోబుట్టువుల్ని సాకాడు. 1892 జూలైలో స్పెయిన్ పాలనకు ఎదురుతిరిగే కటిపునాన్ అనే రహస్య సంఘాన్ని నెలకొల్పినవాళ్లలో ఒకడై, కాలక్రమంలో దానికి 'సుప్రీమో', అంటే అధినేత, అయ్యాడు. 1896 ఆగస్టులో సంఘం గుట్టు రట్టవగానే అనుచరులు స్పెయిన్ ఇచ్చిన పన్ను చీటీలు చింపి తిరగబడ్డారు. సంఘం కాగితాలను ప్రాణం ఒడ్డి దాచింది అతని భార్య గ్రెగోరియా దె హెసూస్.

కావిటె రాష్ట్రంలో తిరుగుబాటుదారుల వైపు నుంచి యుద్ధం గెలుస్తున్నది ఎమిలియో అగినాల్డో. అక్కడి తిరుగుబాటుదారుల రెండు వర్గాల తగవు తీర్చమని పిలిస్తే బోనిఫాసియో వెళ్లాడు. 1897 మార్చి 22న తెహెరోస్ సభలో ఎన్నికలు జరిపి, సభకు రాని అగినాల్డోను విప్లవ ప్రభుత్వానికి అధ్యక్షుణ్ని చేశారు. సుప్రీమోకు దక్కింది హోంమంత్రి పదవి. దానికీ న్యాయవాది కావాలని డానియెల్ టిరోనా లేచాడు. చదువు లేనివాడివని నలుగురిలో అన్నట్టే కదా! బోనిఫాసియో పిస్తోలు తీశాడు. సభలో ఉన్న రికార్తె అనే మరో నాయకుడు చెయ్యి పట్టి ఆపాడు. బోనిఫాసియో ఎన్నిక చెల్లదని ప్రకటించి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో తన సహచరుడు ఎమిలియో హసింతోకు రాసినవిగా చెప్పే ఉత్తరాల్లో అతని ఆవేదన వినిపిస్తుంది. వాటి ప్రామాణికతను గ్లెన్ మే అనే అమెరికన్ చరిత్రకారుడు ప్రశ్నించాడు, ఫిలిపినో పండితులు గట్టిగా బదులిచ్చారు. ఆ అనుమానం మనసులో పెట్టుకునే వాటిని చదవాలి.

ఏప్రిల్ నెలాఖరున లింబోన్‌లో, ఎన్నికను కాదన్న బోనిఫాసియో మీద అగినాల్డో మనుషులు విరుచుకుపడ్డారు. తమ్ముడు సిరియాకో అక్కడే చనిపోయాడు. చేతికి గుండు, మెడలో కత్తిపోటు తగిలిన బోనిఫాసియోను ఊయల మంచంలో మోసుకెళ్లారు. మే మొదటివారంలో మరగొండోన్‌లో మరియానో నోరియెల్ అధ్యక్షుడిగా సైనిక న్యాయస్థానం కూర్చుంది. అగినాల్డోను చంపమని డబ్బిచ్చాడని చెప్పిన సాక్షి పెడ్రో హిరోన్‌ను ఎదురుగా నిలబెట్టమంటే, యుద్ధంలో పోయాడన్నారు. బోనిఫాసియో తరపున నిలబడ్డ ప్లాసిదో మార్తినెస్ మాటలు ఎంత చదివినా నాకు వాదనలా అనిపించవు, నేరం ఒప్పుకున్నవాడికి దయ అడిగినట్టు ఉంటాయి.

మరణశిక్ష పడింది. అగినాల్డో దాన్ని దేశబహిష్కరణగా మార్చాడు, నోరియెల్, పియో దెల్ పిలార్ నచ్చజెప్పాక ఆ దయను వెనక్కి తీసుకున్నాడు. ఇది 1948లో ఆయనే స్వయంగా రాసిచ్చిన మాట.

మే 10న మేజర్ లాజరో మకపగాల్ సీలు వేసిన కవరుతో ఆండ్రెస్‌నూ, మరో తమ్ముడు ప్రోకోపియోనూ కొండమీదికి తీసుకెళ్లాడు. తాను కవరు విప్పి చదివి ముందు ప్రోకోపియోను, తర్వాత ఆండ్రెస్‌ను కాల్పించానని దశాబ్దాల తర్వాత రాశాడు. కాదు, నిలబడలేని మనిషిని కత్తులతో నరికారని పాత కటిపునాన్ సభ్యుడు గిల్యెర్మో మసాంకాయ్ ఒక సైనికుడి నోట విన్నట్టు చెప్పాడు. చేసినవాడి ఉత్తరం ఒకవైపు, విన్నవాడి మాట మరోవైపు. ఎవరి మాట నిజమో తేల్చే మూడో కాగితం లేదు. గ్రెగోరియా మాత్రం వారాల తరబడి కొండల్లో భర్త కోసం వెతికింది; ఏమీ దొరకలేదని తన ఆత్మకథలో రాసుకుంది. తర్వాతెప్పుడో అతనివేనంటూ బయటపడ్డ ఎముకలు కూడా 1945 మనీలా యుద్ధంలో పోయాయి.

మరగొండోన్ విచారణ పత్రాలను 1963లో తియోదోరో అగోన్సిల్యో అచ్చువేశాడు. పక్షపాతం ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. అయినా వాటిని వదలలేం. గాయాలతో పడి ఉన్న బోనిఫాసియో ఆరోపణలను కాదంటూ ఇచ్చిన జవాబులు, శత్రువు గుమస్తా రాసుకున్న రూపంలోనైనా, వాటిలోనే మిగిలాయి.