వెనక డోరు మీద రెండు పేర్లు

మా ఇంట్లో ఒక కథ ఉండేది. తాత బండి వెనక డోరు మీద మొదట తెలుగులో పేరు రాసుండేదంట. 1973లో మైసూరు రాష్ట్రం కర్ణాటక అయినప్పుడు తెలుగు తీసేసి కన్నడం రాయించినారంట. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ మీడియం చదివిన మాకు ఇది నమ్మడానికి చానా సులువైన కథ. మా నాలుక మీద జరిగిందే బండి మీదా జరిగిందనుకున్నాము. రెండేళ్ళ కిందట బండిని బాగు చేయించడానికి రంగు గీకినప్పుడు ఆ కథ నిలవలేదు. ఎట్ల నిలవలేదో మా ఇంటి పిల్లల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాము.

ముందు బండి సంగతి. ఇది మహీంద్రా ఎఫ్.సి. పికప్పు. దీనికి ముక్కు ఉండదు. ఇంజను క్యాబిన్ లోపలే, డ్రైవరు పక్కన పెట్టెలో ఉంటుంది. ఎండాకాలంలో ఎడమ కాలు కాలిపోయేదని నాయన ఇప్పటికీ చెప్తాడు. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో ఎఫ్.సి. 150 అనే పేరుతో ఈ ఆకారం తెచ్చింది. గీసింది బ్రూక్స్ స్టీవెన్స్. ఓహియోలోని టొలీడోలో 1960ల మధ్యకల్లా దాన్ని ఆపేసినారు. బొంబాయిలో 1947 నుంచీ విల్లీస్ జీపులు బిగిస్తూ వచ్చిన మహీంద్రా వాళ్ళు మాత్రం ఆ తర్వాత కూడా దీన్ని చేస్తూ పోయినారు. నాలుగు సిలిండర్ల హరికేన్ ఇంజను, 2.2 లీటర్లు. పుట్టిన ఊర్లో చచ్చిపోయి మన దగ్గర బతికిన బండి అనుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేము. ఈ దేశంలో కార్ల ఫ్యాక్టరీ మన మైసూరు సంస్థానంలో పడాల్సింది. 1930లలో విశ్వేశ్వరయ్య గారు దాని కోసం లెక్కలన్నీ వేసి తిరిగినారు. వాల్‌చంద్ హీరాచంద్ ముందుకొచ్చినాడు, మైసూరు సర్కారూ సరే అంది. యుద్ధం రోజుల్లో ఢిల్లీలోని ఇంగ్లీషు ప్రభుత్వం సహకరించలేదు. వాల్‌చంద్ 1940లో బెంగుళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టినాడు, కార్లది మాత్రం 1944లో ప్రీమియర్ పేరుతో బొంబాయికి పోయింది. విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు మోక్షగుండం. అది గిద్దలూరు వైపు ఊరు. వాళ్ళూ మనలాగే ఎప్పుడో ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళే. అందుకే మా తాతకు ఆయనంటే ఒక సొంత మనిషి లెక్క.

తాత, ఆయన అన్న (మా పెద్దతాత) ఇద్దరూ కలిసి 1970లో ఈ బండి కొన్నారు. అప్పటికే అది ఒక చేయి మారింది. పని శెనక్కాయల మూటలు మోయడం. హిందూపురం, చళ్ళకెర మిల్లులకు పోయేది. వచ్చేటప్పుడు ఎరువుల మూటలు, కిరాణా సామాన్లు. పావగడ తాలూకా మ్యాపు చూసినవాళ్ళకు తెలుసు, చుట్టూ దాదాపు అంతా ఆంధ్రే. మేము కదలకుండానే మా పక్కింటి పేరు మారుతూ వచ్చింది. 1953 దాకా మద్రాసు రాష్ట్రం, ఆ ఏడు అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. మా పేరు 1973 నవంబరు 1న మారింది. ఎటు పోయినా గడప దాటినట్టు రాష్ట్రం దాటాల్సిందే.

బండి 1998లో ఆగిపోయింది. తిరుమణి వైపు చేన్లో చింతచెట్టు కింద పద్దెనిమిదేళ్ళు నిలబడింది. అంతలో సోలార్ పార్కు వచ్చింది. వల్లూరు, బళసముద్ర, తిరుమణి, క్యాతగానచెర్లు, రాయచెర్లు, అయిదు ఊర్ల భూములు కలిపి 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్త, రెండేళ్ళకోసారి నూటికి అయిదు పెంపు. వాన రాక శెనక్కాయ చేతికందని ఏండ్లు చూసినవాళ్ళం, మేమూ ఇచ్చినాము. చేను ఖాళీ చేసేటప్పుడు గుజరీ అతను వచ్చి బండిని కిలోల లెక్కన అడిగినాడు. అవ్వ ఒప్పుకోలేదు. ట్రాక్టరుకు కట్టి ఇంటి పెరట్లోకి లాక్కొచ్చినాము. అక్కడ ఇంకొన్నేళ్ళు.

చివరికి పని మొదలు పెట్టినప్పుడు టింకర్ వచ్చి చుట్టూ తిరిగి, చిన్న సుత్తితో తట్టి చూసి, "పూర్తి తుక్కు సార్" అన్నాడు. అనంతపురంలో ఉద్యోగం చేసి రిటైరైన చిన్నాయన మొహం మాడిపోయింది. తెలుగులో తుక్కు అంటే ఇంక పనికిరాని ఇనుము కదా. టింకర్ ఇంట్లో కన్నడం. కన్నడంలో తుక్కు అంటే తుప్పు, అంతే. తుప్పయితే గీకొచ్చు. మేము మధ్యలో పడి అర్థం చెప్పేసరికి టీ చల్లారిపోయింది.

మాది కరువు సీమ కాబట్టి బండి బతికింది. క్యాబిన్ పైకప్పు, తలుపులు ఎండకు రంగు మాడినా రేకు గట్టిగానే ఉంది. చెడింది నీళ్ళు నిలిచే చోట్ల. రేకు మడత పడిన అతుకుల్లో చింతాకు, శెనగ పొట్టు చేరి, నాలుగు చినుకులు పడినా తడిని వారాల తరబడి పట్టుకున్నాయి. వెనక తొట్టిలో ముందు వైపు ఎడమ మూల జల్లెడలాగ ఉంది, మిగతా తొట్టి అట్ల లేదు. ఆ మూల ఏమిటని నాయనను అడిగితే, ఎరువు మూటలు ఎప్పుడూ అక్కడే వేసేవాళ్ళమని చెప్పినాడు. ఎరువు ఉప్పు లాంటిదే, గాల్లో తేమను లాగి ఇనుమును తింటుంది. శెనక్కాయలు మోసిన వైపు బాగుంది, యూరియా మోసిన వైపు పోయింది.

టింకర్ పని కళ్ళారా చూడాల్సిందే. కుళ్ళిన రేకును మంచి ఇనుము తగిలేదాకా కోసేస్తాడు. అక్కడ ఆశపడి అరంగుళం మిగిల్చుకుంటే వెల్డింగు నిలవదు, రేకు కరిగి ఓటు పడుతుంది. అట్టముక్క మీద కొలత గీసి, 18 గేజి రేకు (దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం) కత్తిరించి, వెనక డాలీ పెట్టి ముందు సుత్తితో వంపు తెస్తాడు. అతికించేటప్పుడు ఒక్క గీతగా కాల్చడు. ఇక్కడ ఒక చుక్క, ఎదురు కొసన ఒక చుక్క, మళ్ళీ మధ్యలో. ఒకే చోట వేడి పెడితే రేకు అప్పడంలాగ లేస్తుంది. ఇవన్నీ మాకు రోజుకు ఇన్ని ప్రశ్నలని విసిగిస్తే చెప్పిన సంగతులు.

వెనక డోరు కింది మడత కూడా పోయింది. దాన్ని కోసే ముందు చుట్టూ రంగు తీయాల. 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి, అంచుల్లో 180, తర్వాత 320 నీళ్ళ పేపరు. ఇట్ల అంచును పలచగా రుద్దుకుంటూ పోతే పాత పూతలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా తేలతాయి. పైన మీగడ రంగు, కింద బూడిద ప్రైమరు, దాని కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, అడుగున ఫ్యాక్టరీ ఎర్ర ప్రైమరు. ఆకుపచ్చ మీద ఒకచోట పసుపు గీత వంపు తిరిగి కనిపించింది. పేపరు కింద పెట్టేసినాము.

ఒక్క వంపు చూసి అది ఏ భాషో చెప్పలేము. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే కదా, న, గ, ర లాంటివి పక్కపక్కన పెట్టినా అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. తలకట్టు దగ్గర పట్టుబడతాయి. తెలుగు తలకట్టు టిక్కు మార్కులాగ పైకి లేస్తుంది, కన్నడంది అడ్డంగా పోయి కొన వంచుకుంటుంది. 400 పేపరుతో, నీళ్ళతో, రెండు సాయంత్రాలు వేలితో రుద్దితే టిక్కు మార్కు వచ్చింది. ఇంట్లో కథ నిజమేనని సంతోషపడ్డాము.

తెలుగులో రెండు పేర్లు ఉన్నాయి, పెద్దతాతది ముందు, తాతది తర్వాత. కింద ఊరి పేరు, "మైసూరు రాష్ట్రం". అంటే 1973 నవంబరుకు ముందు రాసిందే. ఇంతవరకూ కథకు అడ్డం లేదు. అయితే పెద్దతాత పేరు మీద కత్తి కొసతో గీకిన గీతలున్నాయి. ఆకుపచ్చ తెగి ఎర్ర ప్రైమరు దాకా దిగిన గీతలు. తాత పేరు మీద ఒక్కటీ లేదు. ఆ గీతల లోపల నీలం రంగు నిండి ఉంది. అంటే గీకిన తర్వాతే నీలం వేసినారు. బ్రష్షుతో, తొందరగా, కింద ప్రైమరు కూడా లేకుండా. ఆ నీలం మీద నంబరు తప్ప ఏ పేరూ లేదు, ఏ భాషా లేదు. పైగా ఆ నీలం ఎండకు సున్నంలాగ పొడి రాలి ఉంది, రాళ్ళు తగిలిన చోట చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టి ఉంది. కొన్నేళ్ళయినా ఎండలో వానలో తిరిగితే తప్ప అట్ల కాదు. కన్నడ అక్షరాలు ఆ తర్వాత ఎప్పుడో, బూడిద ప్రైమరు వేసి, మీగడ రంగు మీద రాయించినవి.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఏది ముందు మారింది, ఏది తర్వాత మారింది అని లాగు ఫైలు చూసి తేల్చడమే రోజూ పని. భాష కోసమే అయితే రెండు పేర్లూ పోవాల, గీకాల్సిన పనీ లేదు. ఇంట్లో పాత ట్రంకు తీసినాము. మా వైపు పాలుపట్టి అంటారు, అన్నదమ్ములు భాగాలు పంచుకున్న కాగితం. 1972 తేదీ. బావి పొలం పెద్దతాతకు, బండి తాతకు. ఆ ఏడే పెద్దతాత కుటుంబం హిందూపురానికి వెళ్ళిపోయింది. తర్వాత పెళ్ళిళ్ళకు కూడా రాకపోకలు లేవని మాకు తెలుసు. ఎందుకని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. కన్నడం మీద నెట్టేస్తే ఆ ప్రశ్న రాదు.

అవ్వకు ఫోటో చూపించినాము. చానాసేపు చూసి, "పేరు కనబడకూడదనింది మీ తాతే. నీలం రంగు డబ్బా తెచ్చింది మీ నాయన, వానికి ఏమీ తెలీదు" అనింది. నాయనకు అప్పుడు పన్నెండేళ్ళు.

ఆ తర్వాత ఇంట్లో నెల రోజులు పని ఆగింది. టింకర్ వేరే బండి చూసుకున్నాడు. చిన్నాయన వాదన ఒకటే: మొత్తం బోడి ఇనుము దాకా గీకి ప్రైమరు కొట్టాల, లేకుంటే డోరు నాలుగేళ్ళు కూడా ఉండదు. ఆయన చెప్పింది తప్పు కాదు. గీకిన ఇనుమును ఆ పొద్దే ప్రైమరుతో కప్పాల, రాత్రి మంచుకే ఎర్రబారుతుంది. ఇంకో వైపు నుంచి మా బాధ: కింది పేర్లు పూర్తిగా చూడాలంటే పై కన్నడ అక్షరాలు పోవాల. బడికి పోకముందు మేము మొదట కూడబలుక్కుని చదివిన అక్షరాలు ఆ డోరు మీదివే. ఊరి పేరు, దాని పైన శనేశ్వర స్వామి పేరు.

చివరికి పెద్దతాత పేరు ఉన్న మేర మాత్రం కిటికీలాగ తెరిచి, మిగతా డోరు మీద కన్నడం అట్లే ఉంచినాము. కింద నాలుగంగుళాలు కోసి కొత్త రేకు వేసేటప్పుడు వేడి పైకి పాకకుండా టింకర్ తడి గోనెపట్ట కప్పి, చుక్కకో సారి ఆగి నీళ్ళు చల్లినాడు. ఒక అక్షరం కొస మాడింది, అంతే. డోరు లోపలి వైపు బోడి చేసి ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు కొట్టినాము, తేమ లోపలినుంచే ఎక్కువ వస్తుంది కాబట్టి. బయట అక్షరాల మీద మైనం రుద్దినాము. మైనం కావాలంటే రేపు తీసేయొచ్చు.

మిగతా బండికి పద్ధతి ప్రకారం జరిగింది. తుప్పు మిగిలిన గుంటలకు ఫాస్ఫారిక్ ఆసిడ్ మందు, కడిగి ఆరబెట్టి ఎపాక్సీ, దాని మీద లప్పం పలచగా, మళ్ళీ రుద్ది ప్రైమరు. పాత పెయింటర్లు రెడ్ ఆక్సైడే వాడేవాళ్ళు. అందులో ఎర్ర పొడి కూడా ఇనుము ఆక్సైడే, తుప్పుకు దగ్గరి చుట్టం. మా పెయింటర్ ఇప్పటికీ స్ప్రే పనినంతా "డ్యూకో" అంటాడు. అది 1923లో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరు. అంతకు ముందు ఒక కారుకు రంగు ఆరడానికి వారాలు పట్టేది. ఆ కంపెనీ ఏదో తెలియకుండానే పేరు పావగడ షెడ్డు దాకా వచ్చేసింది.

పెద్దతాత మనవడు హిందూపురంలో ఉన్నాడని తెలుసు, నంబరు లేదు. శెనగ మిల్లుల వీధిలో ఇద్దరు ముగ్గురిని అడిగితే దొరికింది. ఒక ఆదివారం భార్యతో వచ్చినాడు. వరుసకు మాకు అన్న. డోరు ముందు గొంతుక్కూర్చుని పేరు మీద చేయి పెట్టి చూసినాడు. గీతల గురించి ఆయన అడగలేదు, మేము దాచలేదు. అవ్వ లోపలినుంచి "అన్నానికి ఉంటారా, పోతారా" అని కేక వేసింది. ఉన్నారు.

బండి ఇప్పుడు బూడిద రంగు ప్రైమరులో రేకుల షెడ్డు కింద ఉంది. పైన కొట్టిన ప్రైమరు వానకు ఆగదు, స్పాంజిలాగ నీళ్ళు తాగి లోపల తుప్పు పెడుతుంది. జూను లోపల పై రంగు పడాల. నాయన నీలం అంటున్నాడు. హిందూపురం అన్న ఫోన్ చేసినప్పుడల్లా ఆకుపచ్చ అంటున్నాడు. చిన్నాయన ఇంకా ఏమీ అనలేదు.