అమ్మవారు పోసింది అని ఎందుకంటాం? మశూచి కథ

జ్వరం "వస్తుంది", జలుబు "చేస్తుంది". మశూచికి మాత్రం మన పెద్దవాళ్లు "అమ్మవారు పోసింది" అనేవాళ్లు. ఎందుకంటే ఆ జబ్బుకి అప్పట్లో మందు లేదు. టీకా లేనివాళ్లకి సోకితే ప్రతి 10 మందిలో దాదాపు 3 చనిపోయేవాళ్లు. మనిషి చేతిలో లేనిదాన్ని జనం తల్లి చేతిలో పెట్టారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి చూసి బయటివాళ్లు ఆగిపోయేవాళ్లు. అంటే భక్తిలోనే కొంత ఐసోలేషన్ ఉందన్నమాట.

బెంగాల్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. టీకాదార్లు అనేవాళ్లు ఊరూరా తిరిగి, మశూచి పొక్కులోని పదార్థాన్నే చర్మం మీద గాటు పెట్టి ఎక్కించేవాళ్లు. శీతలాదేవికి పూజ, పథ్యం అన్నీ ఉండేవి. ప్రమాదం లేకపోలేదు, కానీ జనం నమ్మారు.

1796లో ఇంగ్లండ్‌లో జెన్నర్ అంతకంటే సేఫ్ వ్యాక్సిన్ చూపించాడు. 1802లో అది బొంబాయి చేరింది. అప్పట్లో ఫ్రిజ్ లేదు కదా, అందుకే ఒకరి చేతి పొక్కు నుంచి తీసి ఇంకొకరికి వేసేవాళ్లు. "ఎవరి ఒంట్లోదో మా పిల్లాడికా?" అని కులం అడ్డొచ్చింది. పూజ లేదు, తెలిసిన మనిషి లేడు, వచ్చింది సర్కారు మనిషి. 1865లో కలకత్తాలో పాత పద్ధతిని చట్టంతో నిషేధించారు. తెల్లదొరలు దీనంతటికీ మూఢనమ్మకం అని పేరు పెట్టేశారు.

1962లో మన ప్రభుత్వం నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. అయినా 1974లో 1,88,000 కేసులు! అప్పటికే వ్యూహం మారుతోంది. లక్ష మందికి పైగా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లారు. మశూచి సోకిన పిల్లాడి ఫొటో కార్డు చూపించి "ఇలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. కేసు చెప్తే బహుమతి కూడా. దొరికిన కేసు చుట్టుపక్కల అందరికీ టీకా. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ ఎక్కడుందో పట్టుకుని అక్కడే ఫిక్స్ చేయడం.

1975 మే నెలలో మన దేశంలో చివరి స్థానిక కేసు. 1980లో ప్రపంచం నుంచే మశూచి పోయినట్టు ప్రకటించారు.

బొంబాయి నుంచి ఇక్కడికి 173 ఏళ్లు. ఎండకి వ్యాక్సిన్ పాడవడం, రోడ్లు లేకపోవడం కూడా కారణాలే. కానీ నా లెక్కలో అసలు తేడా ఒకటే: మందు ఊరికి చేరడం వేరు, నమ్మకం ఇంట్లోకి చేరడం వేరు.

ఈసారి ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరైనా టీకా వద్దంటే మీమ్ పెట్టకండి. "భయం దేనికి?" అని ముందు అడగండి. జవాబు కామెంట్‌లో చెప్పండి. ఉంటాను!