తాళంచెవి కొరికిన మనిషి

నా కోపం పుట్టింటి సారెతోపాటు వచ్చిందని మా అత్తగారు అనేవారు. ఆవిడ వున్నన్నాళ్ళూ ఆ పెట్టె మూత తీసే ధైర్యం నాకు లేకపోయింది లెండి. ఆవిడ పోయాక తీశాను.

పోయిన వేసవిలో మా పనమ్మాయి చేతిలోంచి గాజు గిన్నె జారి ముక్కలైంది. నా చేతిలో స్టీలు గ్లాసు వుంది. విసిరాను. గోడకి తగిలి సొట్టపోయింది. ఆ అమ్మాయి కిక్కురుమనకుండా గాజుముక్కలు ఎత్తి, గ్లాసు కూడా కడిగి బోర్లించి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వేళకే పనికి వచ్చింది. రాకేం చేస్తుంది? అదంతా చూసిన మా అమ్మాయి, "బి.పి.కి మాత్ర వేసుకుంటావు గదమ్మా, దీనికి కూడా ఎవరికైనా చూపించుకో" అంది.

"కోపానికి డాక్టరేమిటే, విడ్డూరం కాకపోతే!" అన్నాను.

మనకి తెలిసిన వైద్యాలు వేరు గదా. పది అంకెలు లెక్కపెట్టడం, చన్నీళ్ళు తాగడం, చిన్నప్పుడు బట్టీపట్టిన సుమతీ శతకం నెమరేసుకోవడం. కైక కయితే అలిగి పడుకోడానికి కోపగృహమని వేరే వుండేది. మన ఫ్లాట్లలో పచ్చడి జాడీలకే చోటు లేదు.

కానీ అమ్మాయి అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. కోపానికి డాక్టరు నిజంగా కొత్త వింతేనా అని పుస్తకాలు తిరగేస్తే, పద్దెనిమిది వందల ఏళ్ళనాటి ఒక డాక్టరుగారు దొరికారు. పేరు గేలెన్. క్రీ.శ. 129లో పెర్గమంలో పుట్టాడు. ఇప్పుడది టర్కీలో వుంది, బెర్గమా అంటారు. రోము చక్రవర్తి మార్కస్ అరీలియస్‌కి వైద్యం చేసినవాడు. నాడి గురించీ, ఎముకల గురించీ గుట్టలు గుట్టలుగా రాసిన ఆయన మనసుకొచ్చే జబ్బుల మీద కూడా ఓ పుస్తకం రాశాడు. అందులో సింహభాగం కోపానిదే.

కుర్రతనంలో ఒకాయన తలుపు తీయబోవడం చూశాడట గేలెన్. తాళం రాలేదు. ఆయన తాళంచెవిని పళ్ళతో కొరికాడు, తలుపుని తన్నాడు, దేవుళ్ళని తిట్టాడు, నోట్లోంచి నురగలు కక్కాడు. అది చూసి, తను మాత్రం జన్మలో అలా కనపడకూడదనుకున్నాడట. చదివి నేను నవ్వాను. తర్వాత మా గోడ మీద సొట్ట వైపు చూసి నవ్వు ఆపాను.

ఇంతకీ ఆయన తల్లి మహా కోపిష్టి. దాసీలని కొరికేదట! భర్త మీద కేకలు వేస్తూనే వుండేదనీ, సోక్రటీసు భార్య క్సాంతిప్పె కూడా ఆవిడ ముందు దిగదుడుపేననీ కన్నకొడుకే రాసిపెట్టాడు. తండ్రి మాత్రం శాంతమూర్తి. ఆవిడకి అంత కోపం ఎందుకొచ్చేదో ఆ కొడుకు రాయలేదు, కనీసం ఆవిడ పేరు కూడా చెప్పలేదు. ఆవిడ పక్షాన ఒక్క మాట మాట్లాడదామనుకున్నాను గానీ, దాసీల చేతుల మీది పళ్ళగాట్లు అడ్డం వచ్చాయి. వాళ్ళ పేర్లూ లేవు మరి.

ఇంకో కథ వుంది. గేలెన్‌తో ప్రయాణం చేస్తున్న స్నేహితుడొకడు, క్రీటు ద్వీపం వాడు, సామాను కనపడలేదని కోపం పట్టలేక ఒరలో వున్న కత్తితో ఇద్దరు నౌకర్ల తల మీద కొట్టాడు. ఒర చీలి కత్తి దిగింది. తరవాత పశ్చాత్తాపంతో కుమిలిపోయి, పటకా తెచ్చి గేలెన్ చేతికిచ్చి, "నన్ను కొట్టు" అని బతిమాలాడు. గేలెన్ నవ్వేశాడు. కొట్టకుండా కూచోబెట్టి మాట్లాడాడు. ఏడాది తిరిగేసరికి మనిషి బాగా మారాడని రాశాడు. దెబ్బలతో కాక మాటతో నయం చేయడం, అదీ ఏడాదిపాటు!

అన్నిటికంటే నాకు నచ్చింది, ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆయన చెప్పిన పద్ధతి. మన తప్పు మనకి కనపడదు కనక ఇంకొకరు కావాలన్నాడు. ఆ ఇంకొకరు ముఖస్తుతి చేసేవాళ్ళయి వుండకూడదు. గొప్పవాళ్ళ, డబ్బున్నవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగే మనిషా కాదా అని ముందు కనిపెట్టి చూడాలి. దొరికాక, "నాలో కోపం కనపడగానే చెప్పండి" అని అడగాలి. చాలా రోజులు గడిచినా ఏ తప్పూ చెప్పకపోతే, మనం మంచివాళ్ళమైపోయామని మురిసిపోవద్దు, ఆ మనిషి శ్రద్ధగా చూడటం లేదని తెలుసుకోవాలి అన్నాడు.

అంతకు వందేళ్ళ ముందే సెనెకా కోపం మీద మూడు భాగాల పుస్తకం రాశాడు. రాత్రి దీపం తీసేశాక, ఆ రోజు తనేం చేశాడో తనకి తనే లెక్క చెప్పుకునేవాడట. ఆ అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా వుండేదట. ఆవిడకి వేరే దారేముంది లెండి. పాపం, సెనెకా పాఠాలు చెప్పిన శిష్యుడు నీరో. క్రీ.శ. 65లో ఆ శిష్యుడి ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది.

అక్కణ్ణించి ఒక్క దూకు దూకుతాను. 1975లో రేమండ్ నోవాకో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కోపాన్ని అదుపు చేసుకునే చికిత్స మీద పుస్తకం తెచ్చాడు. మశూచికి టీకా వేసినట్టే ఇదీనూ. కోపం తెప్పించే సంగతుల్ని చిన్న చిన్న మోతాదుల్లో వూహించుకుంటూ, అప్పుడు వూపిరి ఎలా తీయాలో, తనతో తను ఏమనుకోవాలో ముందే సాధన చేయాలి. "లోపల దాచుకోకు, ఏదైనా బాది కక్కెయ్" అని చెప్పేవాళ్ళున్నారే, వాళ్ళకి 2002లో ఇంకో అమెరికా శాస్త్రవేత్త, బ్రాడ్ బుష్‌మన్, జవాబు చెప్పాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్ళకి కోపం పెరిగింది. వూరికే కూచున్నవాళ్ళకే తక్కువగా వుంది. మా అమ్మమ్మ విసుగొస్తే ఎండుమిరపకాయలు దంచేది. ఆవిడ ఎవర్ని తలుచుకుంటూ దంచేదో గానీ, కారం మాత్రం ఘాటుగా వుండేది.

సరే, నా వెతుకులాటకి వస్తాను. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యం చదివి మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో, సాధనతో చికిత్స చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదయిందా అని అడిగితే తప్పులేదు. ఎవర్నీ ఎరగనివాళ్ళకి 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ వుంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

నేను మొదట వెళ్ళినావిడ, పేరెందుకు లెండి, పావుగంటలో "మీ తప్పేం లేదండీ, మీ చుట్టూ వున్నవాళ్ళే అలా చేస్తున్నారు" అని తేల్చేసింది. ఫీజు ఇచ్చి బయటికొస్తుంటే ప్రాణం ఎంత హాయిగా వుందో! ఆటో ఎక్కాక గేలెన్ గుర్తొచ్చాడు. ఇల్లు చేరేలోపే ఆ హాయి దిగిపోయింది.

రెండో ఆవిడ మెచ్చుకోలేదు, మందలించనూ లేదు. ఒక నోటుబుక్కు కొనమంది. కోపం వచ్చినప్పుడల్లా తారీఖు, వేళ, ఎవరి మీద, ఏం చేశాను, అంతకు ముందు ఏం జరిగింది, రాయమంది. రెండు వారాలు రాశాను. పదకొండు సార్లు. పనమ్మాయి మీద ఏడు, అమ్మాయి మీద మూడు, కూరలమ్మి మీద ఒకటి. ఆవిడ పుస్తకం తిప్పి చూసి, "ఇందులో మీవారి మీద ఒక్కటీ లేదేమండీ? ఆయన మీద కోపమే రాదా?" అని అడిగింది.

రాకేం! ఆ పదకొండులో ఆరు, అంతకు ముందు జరిగింది రాసినచోట, ఆయన పేరుతోనే మొదలయ్యాయి. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు అయిదోసారి వెళ్ళి వచ్చాను. ఆయనతో మాట్లాడాల్సినవి వేరే పేజీలో రాసుకుంటున్నాను. రెండు మాట్లాడాను కూడా, ఇల్లేమీ కూలలేదు. మొన్న పనమ్మాయి గిన్నెలు తోముతుంటే దగ్గరికెళ్ళి, "ఆ రోజు గ్లాసు విసిరాను, తప్పు నాదేనే" అన్నాను. తలెత్తలేదు.

"పోన్లెండమ్మా" అంది. కాసేపు తోమి, కుళాయి కట్టేసి, "ఇంకో జానెడు ఇటొస్తే కంటికి తగిలేదమ్మా" అంది.