మొలకెత్తని మొండి గింజ

అర్జెంటీనాలోని మిసియోనెస్‌లో ఎర్రమట్టి నేలల నిండా వరసలుగా కనిపించే ఈ మొక్కలకూ మన టీ మొక్కకూ చుట్టరికం లేదు. ఇవి యెర్బా మాతే. ఆకులో కెఫీన్ మాత్రం దండిగా ఉంటుంది. వదిలేస్తే యాభై అడుగులు పెరిగే చెట్టు. కోతకు అందాలని కత్తిరించి పొదలా ఉంచుతారు.

దీని ఆకుతో చేసే పానీయం గ్వారానీ ఆదివాసులది. స్పెయిన్ వాళ్ళు వచ్చి, వాళ్ళూ మరిగారు. 17వ శతాబ్దం మొదట్లో అక్కడి గవర్నరు ఎర్నాందారియాస్ నిషేధం పెట్టాడు. ఎవరు విన్నారు గనక! గిరాకీ పెరిగింది, చెట్టేమో అడవిలోనే ఉంది. గ్వారానీలను మబరకాయూ అడవులకు తోలి, ఆకు మూటలు వీపున మోయించారు. అక్కడ వాళ్ళ ఎముకల గుట్టలు చూశానని జెసూట్ ఫాదరీ రూయిస్ దె మోంతోయా 1639 నాటి తన పుస్తకంలో రాశాడు.

తోట వేసుకోవచ్చుగా అంటే, చిక్కంతా గింజలో ఉంది. పండు ఎర్రబడినా గట్టి పెంకు లోపలి పిండం ఎదిగి ఉండదు. విత్తితే నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు, మొలిచేవీ ఒక్కసారి మొలవవు. అడవిలో పిట్టలు పండ్లు మింగి, గింజలను రెట్టలో వదిలి మొలిపించే పని చేసిపెడతాయి. జెసూట్లు కిటుకు కనిపెట్టి తమ మిషన్ల (మతప్రచార కేంద్రాల) పక్కనే తోటలు పెంచారు. 1767లో స్పెయిన్ రాజు వాళ్ళను వెళ్ళగొట్టాడు. తోటలు పాడుబడ్డాయి, కిటుకూ మరుగున పడింది.

హంబోల్ట్‌తో కలిసి దక్షిణ అమెరికా తిరిగిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బోన్‌ప్లాన్ ఆ పాత మిషన్ల దగ్గరే మళ్ళీ సాగుకు దిగాడు. మాతే వ్యాపారం చేజారుతుందని పరాగ్వే నియంత ఫ్రాన్సియాకు కడుపుమంట. 1821 డిసెంబరులో అతని సైనికులు పరానా నది దాటి వచ్చి, తోటను నాశనం చేసి బోన్‌ప్లాన్‌ను పట్టుకుపోయారు. 1829 దాకా వదల్లేదు. ఆయన నిర్బంధంలో ఉండగానే, 1822లో, మొక్కకు శాస్త్రీయ నామం పెట్టిన ఘనత మరో ఫ్రెంచివాడు సెంట్ హిలేర్‌కు దక్కింది!

1890లలో బ్యూనస్ ఎయిర్స్ బొటానికల్ గార్డెన్ వ్యవస్థాపకుడు కార్లోస్ తాయ్స్ గింజలను వేడినీళ్ళలో నానబెట్టి మొలిపించాడు. మిసియోనెస్ తోటలకు అదే పునాది.

కోసిన ఆకును వెంటనే మంట మీద క్షణాలపాటు చిటపటలాడిస్తారు, ఆలస్యమైతే నల్లబడుతుంది. ఆపై ఆరబెట్టి నెలల తరబడి మాగబెడతారు. పరాగ్వే వాళ్ళు దాన్నే చల్లటి నీళ్ళతో తాగుతారు. తెరెరె అనే ఆ పానీయ సంప్రదాయానికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

పెరట్లో పెంచాలని సరదా ఉంటే గింజల జోలికి పోకండి, నారుమొక్క తెచ్చుకోండి. ఆడ, మగ చెట్లు వేరు, కానీ ఆకు కోసమైతే ఒక్కటి చాలు. ఆమ్లగుణమున్న మట్టి, ఏడాది పొడవునా తేమ, లేతప్రాయంలో నీడ ఉండాలి. సున్నపు నేలలో, మన రోహిణి ఎండల్లో అది నిలబడటం కష్టం.